చిన్న కారుకు ఇంత బరువెందుకు?

శీతాకాలం వచ్చిందంటే వంజంగి మేఘాలు చూడవచ్చేవారి కార్లతో పాడేరు ఘాట్‌రోడ్డు నిండిపోతున్నది. వాటిలో పాత మారుతి 800లు, ఓమ్నీ వ్యాన్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోతే ఇంజను పాడయిందని మెకానిక్ మీద మండిపడే యజమానులు బరువు సంగతి మాత్రం ఆలోచించడం లేదు.

మారుతి 800కూ ఓమ్నీకీ ఉన్నది ఒకే తరహా మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. అయితే 800 బరువు సుమారు 650 కిలోలు కాగా, ఓమ్నీ దాదాపు 785 కిలోలు తూగుతుంది. ఒకే ఇంజను ఒక బండిని చురుకుగానూ, మరొకదానిని మందకొడిగానూ లాగడానికి ముఖ్య కారణం ఇదే. ఒక్కొక్కరు 65 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కితే 325 కిలోలు. అంటే 800 బరువులో సరిగ్గా సగం! ఓవర్‌లోడు లారీలకే కాదు, చిన్న కార్లకూ ఉంటుందని గ్రహించాలి.

ఇది చాలదన్నట్టు ముందు ఇనుప గార్డు, పైన క్యారియరు, డిక్కీలో పెద్ద స్పీకర్లు తగిలిస్తున్నారు. గార్డు, స్పీకర్ల బరువు పికప్‌ను తినేస్తుంది. క్యారియరు గాలికి అడ్డుపడి పెట్రోలు తాగిస్తుంది. కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎత్తయిన టైర్లు వేస్తే ఇంజనుకు శ్రమ పెరుగుతుంది. పైగా మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది. వేలు ఖర్చుపెట్టి బండిని బలహీనపరచుకోవడం ఏం తెలివి?

గార్డు కారును కాపాడుతుందని కొందరి వాదన. కాని ఢీకొన్నప్పుడు అది దెబ్బను నేరుగా బండి చట్రానికి చేరవేస్తుంది. ఎదురుపడిన పాదచారికి మరింత గాయం చేస్తుంది. అందుకే వీటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలను ఆదేశించింది. అయినా బిగించేవారు బిగిస్తూనే ఉండడం శోచనీయం.

ఎక్కేటప్పుడు జరిగే నష్టం పెట్రోలుతో పోతుంది. దిగేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. బరువు పెరిగినకొద్దీ బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాటను కొత్తవారు మరువరాదు.

రవాణా శాఖ అధికారులు జరిమానాలతో సరిపెట్టుకోక, సీజనులోనైనా ఘాట్ మొదట్లో బ్రేకులు, టైర్లు, ఎక్కినవారి సంఖ్య తనిఖీ చేయించాలి. యజమానులు సోకులకు పెట్టే సొమ్ముతో బ్రేకు షూలు, క్లచ్ ప్లేటు మార్పించుకుంటే మేలు. ఇంజను బలం పెంచడం మన చేతిలో లేదు. బరువు తగ్గించడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.