గట్టి రాయి... ఎంత గట్టి?

సంతలో కుండ కొనే అమ్మలను ఎప్పుడైనా గమనించారా? ముందు కుండను ఎడమచేతి మీద నిలబెడతారు. కుడిచేతి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొడతారు. ఖంగుమని మోగితే బేరం మొదలు. గొంతు జీరబోయినట్టు పలికిందంటే పక్కన పెట్టేస్తారు. కంటికి కనిపించని పగులును చెవి పట్టేస్తుంది మరి!

ఆళ్లగడ్డ శిల్పులకూ ఇది తెలిసిన విద్యే. విగ్రహానికి రాయి ఎంచుకునేటప్పుడు దాన్ని కొట్టి, అది పలికే తీరు వినడం మన శిల్పుల పాత సంప్రదాయం. గంటలా మోగే రాయిని పురుషశిల అన్నారు. మృదువుగా పలికితే స్త్రీశిల, మోగకపోతే నపుంసక శిల. పేర్ల సంగతెలా ఉన్నా పరీక్ష మాత్రం అసలు సిసలైనది. లోపల పగులుంటే శబ్దం అక్కడే చెదిరిపోతుంది. నేటి ఇంజినీర్లు కాంక్రీటు స్తంభానికి చేసేదీ ఇదే. చెవికి వినపడని శబ్ద తరంగాన్ని ఒకవైపు నుంచి పంపి, రెండోవైపు ఎంతసేపటికి చేరిందో లెక్కగడతారు. సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగం దాటితే కాంక్రీటు భేష్! మూడు కిలోమీటర్ల లోపయితే అనుమానించాల్సిందే.

బిలంలో సప్తస్వరాలు

ఆ పాఠం అందరికీ వినిపించే చోటు ఒకటి నంద్యాల జిల్లాలో ఉంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు. తాడిపత్రి నుంచి వెళితే సుమారు 30 కిలోమీటర్లు. పైన చూస్తే చదునైన పొలాలు, మధ్యలో బావుల్లాంటి గోతులు. లోపలికి దిగితే మూడు కిలోమీటర్లకు పైగా సాగే దారులు! సంస్కృతంలోని బిలమే బెలుం అయిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసింది. పర్యాటక శాఖ దారులు, దీపాలు వేశాక 2002లో జనానికి తలుపులు తెరుచుకున్నాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లయితే, సందర్శకులు చూడగలిగేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు.

లోపల సప్తస్వరాల గుహ అని ఒకటుంది. అక్కడి రాతి ఊడలను తడితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలుకుతుంది. రాయి ఎంత బిగువుగా ఉంది, ఎంత బరువుంది, ఎంత పొడవు, ఎంత మందం... వీటన్నిటినీ బట్టి స్వరం మారుతుంది. వీణలో తీగల్లాగే!

ఒక్క మాటలో నాలుగు సంగతులు

మనం దేన్నయినా ‘గట్టిది’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఇంజినీర్లకు అలా కుదరదు. గీతలు పడకుండా ఆగడం కాఠిన్యం. బరువు మోపినా వంగకపోవడం బిగువు. విరగకుండా మోయడం బలం. విరిగే ముందు సాగడమా, చెప్పాపెట్టకుండా పుటుక్కుమనడమా అన్నది నాలుగోది. పెళుసుదనమంటే ఈ రెండో రకమే.

ఈ నాలుగింటిలో బెలుం సున్నపురాయి మార్కులు చూడండి. కాఠిన్యంలో వెనకబెంచీ. పది మెట్ల మోహ్స్ కొలబద్ద మీద దాని ఖనిజానిది మూడో మెట్టు. ఇంట్లో చాకు చాలు, గీత పడిపోతుంది. వంటింటి గట్టు మీద కడప బండ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. నిమ్మరసం ఒలికి అలాగే ఉండిపోతే అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఆమ్లం ఆ బండను కరిగిస్తుంది కాబట్టి. బెలుం గుహలు పుట్టిందీ ఇదే తంతుతో! గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు పలుచటి ఆమ్లమై, పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్లు రాయిని కొంచెం కొంచెంగా తినేసింది.

బలం మాటకొస్తే అదే రాయి పహిల్వాను. ఒక మోస్తరు మంచి సున్నపురాయి చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోల నొక్కుడును తట్టుకుంటుంది. మామూలు ఇళ్లకు వాడే కాంక్రీటు రెండు మూడు వందల కిలోలే. బెలుంలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. అంత మందం రాయి నెత్తిన ఉంటే కింద పడే నొక్కుడు చదరపు సెంటీమీటరుకు పన్నెండున్నర కిలోలు. వెయ్యెక్కడ, పన్నెండెక్కడ!

మరి భయమెందుకు?

చాక్‌పీసు ఒకటి తీసుకోండి. రెండు చివర్లూ పట్టుకుని నొక్కండి. చేతులు నొప్పిపుడతాయి గానీ అది చెక్కుచెదరదు. ఇప్పుడు కొంచెం వంచండి. టక్కున విరిగింది కదూ? వంచినప్పుడు ఒకవైపు నొక్కుకుంటుంది, రెండోవైపు సాగుతుంది. రాయి, ఇటుక, కాంక్రీటు... వీటికి నొక్కుడంటే లెక్కలేదు, లాగుడంటే హడల్. నొక్కుడుకు ఆగే బలంలో లాగుడుకు ఆగేది సుమారు పదో వంతే.

అందుకే బండ ఎంత గట్టిదన్న దానికంటే, దాన్ని ఎలా వేశామన్నది ముఖ్యం. రెండు మీటర్ల ఖాళీ మీద రెండు అంగుళాల మందం నాపబండ పరిచారనుకుందాం. తన బరువుకే దాని అడుగున చదరపు సెంటీమీటరుకు 16 కిలోల లాగుడు పుడుతుంది. ఖాళీని నాలుగు మీటర్లు చేస్తే అది రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 64 కిలోలన్నమాట! దాని మీద మట్టి, మనుషులు చేరితే బండ బతకడం కష్టమే. రాయలసీమ మిద్దెల్లో దూలాల మీద దంతెలు దగ్గర దగ్గరగా వేసి, వాటి మీద చిన్న బండలు పరిచింది ఇందుకే. మందం రెట్టింపు చేస్తే మోసే బలం నాలుగింతలవుతుందన్న లెక్క గెలీలియో 1638లో అచ్చేసిన పుస్తకంలో ఉంది. మన మేస్త్రీలకు అది చేతి లెక్క.

రాయితో పెద్ద ఖాళీని దాటాలంటే ఇంకో ఉపాయముంది. అదే కమాను. అందులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది తప్ప ఏదీ సాగదు. హైదరాబాదులో 1578 నాటి పురానాపూల్ ఉక్కు చువ్వ లేకుండా నిలిచింది కమానుల మీదే. గుహల్లో ప్రకృతి కూడా ఈ పనే చేస్తుంది. ఆగలేని పెచ్చులు రాలిపోగా, చాలాచోట్ల మిగిలేది కమానే. బెలుంలో సింహద్వారం కింద నిలబడి తలెత్తితే ఈ సంగతి అర్థమవుతుంది.

చువ్వ ఎటువైపు?

కమాను వద్దు, చదునైన శ్లాబే కావాలంటే ఉక్కు సాయం తప్పదు. ఉక్కుకు నొక్కుడైనా లాగుడైనా ఒకటే. పైగా విరిగే ముందు సాగి హెచ్చరిస్తుంది. వెదురు కూడా లాగుడుకు గట్టిదే. మన ఎముకలోనూ పెళుసైన ఖనిజానికి తోడు సాగే పీచు పదార్థం ఉంటుంది. కాబట్టే చిన్నా చితకా దెబ్బలకు విరగదు.

ఇల్లు కట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. సాగే వైపునే చువ్వ ఉండాలి. రెండు గోడల మధ్య శ్లాబు కిందికి వంగుతుంది. కాబట్టి ముఖ్యమైన చువ్వలు అడుగున ఉంటాయి. కిటికీ మీద సజ్జ అలా కాదు. ఒకవైపే పట్టు, రెండో కొస గాలిలో. కొస కిందికి వాలితే సాగేది పైభాగం! అందువల్ల సజ్జ చువ్వలు పైవైపు ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో వాటిని తొక్కుతారు, అవి అడుక్కి దిగిపోతాయి. పైనుంచి చూస్తే సజ్జ నున్నగా, అందంగానే ఉంటుంది. సెంట్రింగు ఊడదీసిన రోజో, ఎవరైనా ఎక్కి నిలబడ్డ రోజో కూలుతుంది. సిమెంటు మంచిదే, ఇనుమూ మంచిదే... చోటు తప్పింది, అంతే! పోత రోజు ఇంటివాళ్లు ఓ పది నిమిషాలు అక్కడ నిలబడి చూస్తే ఒక ప్రాణం నిలవచ్చు.

తడితే చాలు

చివరగా మళ్లీ సప్తస్వరాల దగ్గరికి. వేలాడే రాతి ఊడకు నిట్టనిలువుగా ఉన్నంతసేపు తన బరువు ఒక భారం కాదు. పక్కనుంచి దెబ్బ తగిలితే మాత్రం అది చాక్‌పీసే. ఇలాంటి ఊడలు పెరిగే వేగం మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు. అంటే బెత్తెడు ఊడకు దాదాపు వెయ్యేళ్లు! సెలవులకు పిల్లల్ని బెలుం తీసుకెళితే ఈ మాట ముందే చెప్పండి. కుండ కొనే అమ్మ కూడా వేలితో తట్టి చూస్తుందే తప్ప, కర్ర పుచ్చుకుని కొట్టదు కదా!