ఆటయే కదా అనవచ్చునా?



వైకుంఠ ఏకాదశినాటి రాత్రి జాగరణము చేయుచు మన పెద్దలు పరమపద సోపాన పటము నాడుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. మన అవ్వలు దానిని వైకుంఠపాళి యందురు. పొరుగింటి తమిళ సోదరులు పరమపదమందురు. మదుర కూడలళగరును గొలుచు ఇండ్లలోను, కారమడై రంగనాథుని గొలుచు కోయంబత్తూరు సీమ ఇండ్లలోను ఈ యాట పేరు వినని పెద్దలుండరు. గవ్వలు వేసిన లెక్కకు కాయ కదలును. నిచ్చెనలకు భక్తి, జ్ఞానము మొదలగు సద్గుణముల పేర్లు. పాములకు దుర్గుణముల పేర్లు, పురాణములలోని రాక్షసుల పేర్లు. నిచ్చెన దొరకినవాడు వైకుంఠమునకు చేరువగును. పాము నోటబడినవాడు అడుగునకు జారును. అక్షరము రాని పిల్లలకు సైతము మంచిచెడుల ఫలమును పటము చూపి బోధించిన పూర్వుల నేర్పు మెచ్చదగినది.

అయినను ఆ పటమున ఒక లోపము కలదని మేము సాహసించి చెప్పుచున్నాము. అందు ఆటగానికి ఎన్నిక లేదు. మంచి చేయుదునని తలచి నిచ్చెన యెక్కినవాడును లేడు, చెడు చేయుదునని తలచి పాము నోటబడినవాడును లేడు. అంతయు గవ్వల చలవ. మంచిచెడులను ఆటగాడే యెన్నుకొను ఆటలు మన కాలమున వచ్చినవి. అవియే వీడియో ఆటలు. ఇంటిలో నొక సెల్ ఫోను ఉన్నచో చాలును, పల్లెలోని బాలునికి సైతము అవి అందుచున్నవి. ఒక ఆటలో, దారిలో పడియున్న గాయపడినవానిని ఆదుకొనవచ్చును, లేదా వాని సంచి దోచుకొని పోవచ్చును. ఏది చేసినను కథ ముందుకు సాగును.

ఈ విషయమై మా పత్రికా సంఘములో వాదము జరిగినది. "ఆటలో దొంగతనము చేసినను అది దొంగబుద్ధియే" అని కొందరు, "ఆటయే కదా, అందు పాపమేమి?" అని కొందరు. ఇరుపక్షములను విన్న పిమ్మట మాకు తోచిన అభిప్రాయమును మీ ముందుంచుచున్నాము.

మొదటి పక్షమువారి భయము పూర్తిగా నిజము కాదు. మన ఊళ్లలో అరుగులమీద గీచుకొని ఆడు పులి-మేక ఆటను తలచుకొనుడు. ఒకనికి 3 పులులు, వేరొకనికి 15 మేకలు. పులి పక్షము వహించినవాడు మేకలను చంపక తప్పదు; చంపనిచో అది ఆటయే కాదు. అంతమాత్రమున వాడు క్రూరుడగునా? కాడు. మరుసటి ఆటలో వాడే మేకల కాపరి యగును. నాటకమునను ఇంతే. రాముడుగా, కృష్ణుడుగా తెలుగువారు కొలిచిన నందమూరి తారక రామారావుగారే 1961లో "సీతారామ కల్యాణము"న రావణుడుగా నటించిరి. అది చూచి ఆయనను రావణుడని నిందించినవారు లేరు. రావణుని మనసు ఎట్టిదో ఆయన చూపెనని మెచ్చుకొనిరి. కావున ఆటలో చెడ్డవాని వేషము వేయుటకును, చెడ్డవాడగుటకును భేదము కలదు.

శాస్త్రజ్ఞుల మాటయు దీనికి దరిదాపుగనే యున్నది. 2019లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు బ్రిటనులోని 14, 15 ఏండ్ల పిల్లలు 1,004 మందిని, వారి పెద్దలను విచారించి, హింసతో కూడిన ఆటలకును పిల్లల దుడుకు నడవడికిని సంబంధము కనబడలేదని ప్రకటించిరి. 2020లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము, అట్టి ఆటలకును అరచుట, త్రోయుట వంటి చేష్టలకును కొద్దిపాటి సంబంధము కలదనియు, ఘోర హింసకు ఆటలే కారణమని చెప్పుటకు తగిన ఆధారము లేదనియు తీర్మానించినది. మరియొక ముచ్చట. "మాస్ ఎఫెక్ట్" అను ప్రసిద్ధమైన ఆటలో మంచి మార్గము, కఠిన మార్గము అని రెండు కలవు. దానిని నిర్మించినవారిలో నొకరు 2020లో చెప్పినదానిని బట్టి ఆటగాండ్రలో నూటికి 92 మంది మంచి మార్గమునే పట్టిరట. ఎవరును చూడని చోట, ఏ శిక్షయు లేని చోట సైతము మనుష్యుడు మంచివైపునకే మొగ్గునని తెలిసి మాకు సంతోషము కలిగినది.

అయినచో "ఆటయే కదా" అను రెండవ పక్షమే గెలిచినదా? లేదు. దానికి మేము చెప్పు ఉదాహరణము చాల పాతది. 1985లో రిచర్డ్ గారియట్ అను అమెరికా నిర్మాత "అల్టిమా" అను ఆట నాలుగవ భాగమును వెలువరించెను. అందు రాక్షసుని చంపుట గొప్పకాదు. సత్యము, దయ, న్యాయము, వినయము మొదలగు 8 గుణములను సాధించుటయే లక్ష్యము. ఆ ఆటలో మూలికలమ్ము వర్తకులు గ్రుడ్డివారు. సరకునకు వెల చెప్పుదురు; డబ్బును ఆటగాడే లెక్కించి యియ్యవలెను. తక్కువ ఇచ్చినను ఆ గ్రుడ్డివారు తెలిసికొనలేరు. సరకు దొరకును, ఆట సాగును, ఎవరును మందలింపరు. కాని ఆట లోలోపల ఆటగాని సత్యగుణమును తగ్గించుచునే యుండును. చాలకాలము గడచిన పిమ్మట గాని ఆ సంగతి వానికి తెలియదు.

ఈ కథ విన్నప్పుడు మా సంఘములో కొంతసేపు ఎవరును మాటాడలేదు. సంతలో ముసలమ్మ చూపు ఆనక చిల్లర ఎక్కువ ఇచ్చినప్పుడు మనమేమి చేసితిమో ఎవరికి వారికే తెలియును. అచ్చటను మందలించువారు లేరు. అచ్చటను లెక్క లోలోపలనే జరుగును. ఆటలోని ఎన్నిక మనలను చెడగొట్టునని మేము చెప్పుట లేదు. అది మనలను మనకు చూపునని చెప్పుచున్నాము. అద్దములో చూచుకొనుట తప్పు కాదు. చూచియు ముఖము కడుగుకొనకుండుట తప్పు.

2014లో పోలండు దేశమువారు చేసిన "దిస్ వార్ ఆఫ్ మైన్" అను ఆట ఇట్టిదే. అందు ఆటగాడు సైనికుడు కాడు. ముట్టడిలో చిక్కిన పట్టణమున ఆకలితో అలమటించు సామాన్యుడు. ఒక ఇంటిలో వృద్ధ దంపతులున్నారు. వారి ఆహారమును దోచుకొనవచ్చును. అడ్డు చెప్పు శక్తి వారికి లేదు. కాని దోచుకొని వచ్చినవాడు పిదప కుమిలిపోవును. 2020లో ఆ దేశ ప్రభుత్వము దీనిని పెద్ద తరగతుల విద్యార్థుల పఠన జాబితాలో చేర్చుదుమని ప్రకటించినది. పుస్తకముతో సమానముగ ఒక ఆటను గౌరవించుట మెచ్చదగిన పని.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. గ్రుడ్డి వర్తకుడు బొమ్మ. వృద్ధ దంపతులును బొమ్మలే. కాని నేడు ఆన్‌లైన్‌లో పదిమంది కలిసి ఆడు ఆటలలో అవతలివాడు బొమ్మ కాడు. వాడు మనవంటి బాలుడే. వాని గొంతు మన చెవిని బడును, మన గొంతు వాని చెవిని బడును. అచ్చట చేయు ఎన్నిక ఆటలోని ఎన్నిక కాదు.

మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, 1529లో విశ్వనాథ నాయకుడు మదుర పాలనకు వచ్చిన పిమ్మటను ఈ సీమలకు తరలివచ్చి నిలిచిరని చరిత్ర చెప్పుచున్నది. ఇంట తెలుగు, వీధిని తమిళము మన బ్రతుకు. మన తెలుగులో తమిళపు మాటలు కలిసినవి; మన తమిళములో తెలుగు యాస తొంగిచూచును. అందుచేత ఆటలో నోరు విప్పగనే ఇటువారును నవ్వుదురు, అటువారును నవ్వుదురు. "అరవ తెలుగు" అని గుంటూరు బాలుడు పరిహసించిన, మన తమిళమును వెక్కిరించి వేరొకడు పరిహసించును. ఈ బాధ మనకు కొత్తది కాదు.

మాలో నొకడు తన సంగతి దాచక చెప్పెను. ఒక రాత్రి తన మాటకు అందరును నవ్వగా అతడు సిగ్గుపడి ఊరకుండెను. మరునాడు అదే ఆటలో ఒక చిన్నవాడు తమిళము సరిగా పలుకలేక తడబడినాడు. వాడు ఏ ఊరివాడో, వాని యింటి భాష యేదో తెలియదు. అందరికంటె ముందుగా వానిని వెక్కిరించినవాడు మా మిత్రుడే. చిన్నవాడు మారుపలుకక ఆట వదలి వెళ్లెను. మా మిత్రుడు తరువాత పశ్చాత్తాపపడి ఎంత వెదకినను వాడు మరల కనబడలేదు. ఆటలో ఓడినచో మొదటినుండి ఆడవచ్చును. ఆ చిన్నవానికి చెప్పవలసిన మాట మాత్రము అట్లే నిలిచిపోయినది. ఈ సంగతిని పత్రికలో వ్రాయుటకు ఒప్పుకొన్న మా మిత్రుని ధైర్యమును మేము గౌరవించుచున్నాము.

డబ్బు ఒడ్డి ఆడు ఆటల సంగతియు ఇట్టిదే. శకుని పాచికలు వేసిననాడు ధర్మరాజు పోగొట్టుకొన్నది ఆటలోని కాయలను కాదు. రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని. నన్నయ భట్టారకుని సభాపర్వమున మనము చదువుకొనుచున్నది ఆ కథయే. తమిళ సోదరుల తిరుక్కురళులో జూదమునకు ఒక అధికారమే కేటాయింపబడినది. ఉభయ భాషల పెద్దలును ఒక్క మాటమీద నున్నారు. 2022లో తమిళనాడు శాసనసభ ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు చట్టము చేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెముగ నొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను, అవి నేర్పుచే గెలుచునవైనను సరే, నిషేధించుచు చట్టము చేసినది. తండ్రి మగ్గముమీదనో, మిల్లులోనో, చేనిలోనో చెమటోడ్చి తెచ్చిన రూపాయి తెరమీది నాణెము కాదని చెప్పుటకు చట్టము కావలసివచ్చుట విచారకరము.

కావున మా అభిప్రాయమిది. ఆటలో పులివైపు ఆడుడు, మేకవైపు ఆడుడు. రాముడుగా ఆడుడు, రావణుడుగా ఆడుడు. అందు దోషము లేదు. కాని ఆటకు కూర్చుండునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. నా చేతివలన నొచ్చువాడు బొమ్మయా, మనిషియా? నేను పోగొట్టుచున్నది ఆటలోని సొత్తా, ఇంటి సొత్తా? మనిషియు, ఇంటి సొత్తును వచ్చిన చోట "ఆటయే కదా" అను మాట చెల్లదు.

పెద్దలకును ఒక విన్నపము. ఏకాదశి రాత్రి మీరు పటము చుట్టును మాతో కూర్చుండిరి. పాము మ్రింగినప్పుడు మాతో నవ్వితిరి. ఆ పాము పేరేమో, ఆ రాక్షసుడెవరో మాకు చెప్పితిరి. గవ్వలు ఎన్నిక నియ్యకున్నను మీ మాటలు మాకు మంచిచెడులు నేర్పినవి. నేడు మేము ఫోను పట్టుకొని మూలను ఒంటరిగ ఆడుచున్నాము. ఫోను లాగికొనుటకు ముందు ఒక్కసారి మా ప్రక్కన కూర్చుండి, "ఇచ్చట నీవేమి చేసితివి? ఏల చేసితివి?" అని అడుగుడు. మేము దాచక చెప్పెదము.