గూనపెంకుల నెలవంకలు

ఇంటర్మీడియట్‌లో చేరిన విద్యార్థి తన చదువును గంటలుగా విభజించుకుంటాడు. భౌతికశాస్త్రం గంటలో ఆకాశం ఉంటుంది. తెలుగు గంటలో పద్యం ఉంటుంది. మొదటిది సత్యమనీ, రెండవది ఊహ అనీ, మార్కులకు మాత్రమే పనికివస్తుందనీ అతడు తీర్మానించుకుంటాడు. మెట్‌పల్లిలో పుట్టి పెరిగి, ప్రాచీన సాహిత్యాన్ని చదువుకొని, రాత్రివేళ మేడమీద నక్షత్రాలను చూసే అలవాటున్న నాకు ఈ విభజన సమంజసంగా తోచదు. ఆకాశాన్ని గురించిన కవిత్వాన్నీ, చిత్రాలనూ, సంగీతాన్నీ, చలనచిత్రాలనూ ఆస్వాదించేవాడు శాస్త్రానికి దూరం కాడు. శాస్త్రం తెలిసినకొద్దీ అతని ఆస్వాదన రెట్టింపవుతుంది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. హైదరాబాదుకు సమీపంలోని జపాల్–రంగాపూర్ వేధశాల వద్ద దేశవిదేశాల శాస్త్రజ్ఞులు పరికరాలతో సిద్ధంగా ఉన్నారు. మెట్‌పల్లిలో అది పాక్షిక గ్రహణమే. నేనప్పుడు ప్రాథమిక పాఠశాల విద్యార్థిని. వీధులు నిర్మానుష్యమయ్యాయి. మా ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. తలుపులు మూసి, “బయట కాలు పెట్టకు బిడ్డా” అంటూ నాయినమ్మ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. మాది గూనపెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి దిగే ఎండ రోజూ గోడమీద గుండ్రని బిళ్ళలుగా పడేది. ఆనాడు ఆ బిళ్ళలు క్రమంగా తరిగి నెలవంకలయ్యాయి. గోడనిండా నెలవంకలే! నాయినమ్మ భయపడి దండం పెట్టింది. నేను వాటిని లెక్కపెట్టసాగాను.

కొన్నేళ్ళ తరువాత సూదిబెజ్జం కెమెరా పాఠం చదివినప్పుడు ఆ రహస్యం బోధపడింది. పెంకుల నడుమ ఉన్న ప్రతి సన్నని సందూ ఒక కెమెరాగా పనిచేసి, సూర్యబింబపు ప్రతిరూపాన్ని గోడపై నిలిపింది. నెలవంక లోపలి వంపు చంద్రబింబపు అంచు. అంటే, తలుపులు మూసిన గదిలోనే నేను సూర్యచంద్రులిద్దరినీ చూశానన్నమాట! కారణం తెలిసిన తరువాత ఆ దృశ్యం నా మనసులో మరింత వెలిగింది. ఈనాటికీ ఆకాశం ప్రధానంగా ఉన్న ఏ కళాఖండాన్ని చూసినా ఆ గోడే నాకు గుర్తుకు వస్తుంది.

పోతన భాగవతంలోని వామనావతార ఘట్టాన్ని పరిశీలించండి. వామనుడు త్రివిక్రముడై పెరుగుతుండగా, కవి సూర్యబింబాన్ని ఒకచోటనే ఉంచాడు. అది మొదట వామనునికి గొడుగు. తరువాత శిరోరత్నం, చెవికమ్మ, కంఠాభరణం. ఆపైన నడుముకు గంట, కాలికి అందె. చివరకు పాదపీఠం. మారని సూర్యుణ్ణి కొలతబద్దగా చేసుకొని, మారుతున్న పరిమాణాన్ని కవి మన కళ్ళకు కట్టాడు. 1977లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు రూపొందించిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ అనే లఘుచిత్రంలో కెమెరా భూమిని విడిచి, పది సెకన్లకొకసారి పదిరెట్ల దూరం జరుగుతూ నక్షత్రమండలాల దాకా వెళుతుంది. పోతనది భక్తి, వారిది విజ్ఞానబోధన. అయినా ఊహకందని విస్తృతిని మెట్లు మెట్లుగా చూపే నేర్పు ఇద్దరిదీ ఒకటే.

కళ భయాన్ని కూడా తొలగించగలదు. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు అరిష్టమని లోకం వణికింది. ఆ ఏడాదే గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కను సంఘసంస్కరణకు శుభసూచకంగా భావించారు. అదే తోకచుక్క 1301లో కనిపించిన కొన్నేళ్ళకు ఇటలీ చిత్రకారుడు జొట్టో శిశువు క్రీస్తును జ్ఞానులు ఆరాధించే దృశ్యంపై మండే చుక్కను చిత్రించాడు. 1986లో ఆ తోకచుక్క చేరువకు వెళ్ళిన ఐరోపా వ్యోమనౌకకు శాస్త్రజ్ఞులు ఆ చిత్రకారుని పేరే పెట్టారు. కళ పట్ల శాస్త్రం చూపిన గౌరవానికి ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి?

సంగీతం మాటకు వస్తే, 1977లో ప్రయోగించిన రెండు వాయేజర్ నౌకలూ బంగారు పూత పూసిన గ్రామఫోన్ రికార్డులను మోసుకువెళ్ళాయి. వాటిలో కేసర్‌బాయి కేర్కర్ ఆలపించిన భైరవి రాగగీతం ఉంది. వాయేజర్–1 నేడు మనకు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మానవుడు తన చిరునామాతోపాటు తన పాటను కూడా పంపడం యాదృచ్ఛికం కాదు.

అయితే చలనచిత్రాలు తప్పుదారి పట్టిస్తాయని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. శూన్యంలో శబ్దం ప్రయాణించదు. అయినా ఎన్నో చిత్రాల్లో వ్యోమనౌకలు చెవులు చిల్లులుపడేలా పేలుతాయి. ఆక్షేపణ న్యాయమైనదే. కానీ దానికి విరుగుడు సినిమా మానడం కాదు, తెలిసి చూడడం. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అంతరిక్షపు నిశ్శబ్దాన్ని ఎంతో గంభీరంగా పాటించింది. 2014లో ‘ఇంటర్‌స్టెల్లార్’ కోసం కృష్ణబిలాన్ని చిత్రించడానికి భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ సమీకరణాలు తోడ్పడ్డాయి. మన ‘మాయాబజార్’లో 1957లో మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల కృత్రిమమే. అది తెలిసి కూడా మనం ఆ వెన్నెలలో తడుస్తాం. ఏది శాస్త్రమో, ఏది కల్పనో గుర్తించగలిగిన ప్రేక్షకుడికి రెండింటి ఆనందమూ దక్కుతుంది.

విద్యార్థులారా! ప్రస్తుతం మా ఊళ్ళో గూనపెంకుల ఇళ్ళు తగ్గిపోయాయి. వీధిదీపాల వెలుగులో చిన్న చుక్కలు కనుమరుగయ్యాయి. చేతిలోని ఫోనులో నక్షత్రమండలాల చిత్రాలు మాత్రం లెక్కలేనన్ని. వాటిని తప్పక చూడండి. చూసిన తరువాత ఊరి దీపాలకు దూరంగా, పెద్దలను తోడు తీసుకొని, పొలంగట్టు మీద నిలబడి ఒక్కసారి తల పైకెత్తండి. తిరిగి వచ్చి పోతన పద్యం చదవండి. మళ్ళీ గ్రహణం వచ్చినప్పుడు ఇంట్లోని పసివాణ్ణి భయపెట్టి కూర్చోబెట్టకండి. సూర్యుణ్ణి నేరుగా చూడరాదని చెప్పి, ఒక అట్టకు సూదితో బెజ్జం చేసి వాడి చేతికివ్వండి. గోడమీది నెలవంకను వాణ్ణే కనుగొననివ్వండి.