దర్శకత్వ విద్య

ఆత్మకూరునకు సమీపమున, నల్లమల యంచున, కొలనుభారతి యను సరస్వతీక్షేత్రము కలదు. చుట్టుప్రక్కల గ్రామములవారు తమ బిడ్డలను అచ్చటికి తీసికొనివచ్చి అక్షరాభ్యాసము చేయింతురు. పళ్ళెములోని బియ్యముపై బిడ్డ చేయి పట్టి మొదటి యక్షరమును దిద్దించు దృశ్యము ఎంత చూచినను తనివితీరనిది. ఏ విద్యకైనను ముందుగా దిద్దవలసిన అక్షరములు కొన్ని యుండును. సంగీతమునకు సరళీస్వరములు, వడ్రంగమునకు బాడిసె పట్టుట, సేద్యమునకు కాడి కట్టుట అట్టివే. సినిమా దర్శకత్వమునకు మాత్రము అట్టి వేవియు లేవనియు, కోరిక యొకటి యున్న చాలుననియు మన యువకులలో పెక్కుమంది తలచుచున్నారు. వారి పెద్దల తలపు వేరు. అది విద్యయే కాదనియు, చెడిపోవుటకు దగ్గరిదారి యనియు వారి నమ్మకము. ఈ రెండు తలపులును పైకి విరుద్ధములుగా కన్పట్టినను వాని వేరు ఒక్కటియే. దర్శకత్వము నేర్వవలసిన పని యని ఇరువురును ఎంచుట లేదు.

ఈ పొరపాటువలన కలుగు నష్టము చిన్నది కాదు. చదువు సగములో విడిచి, తండ్రి పంట అమ్మిన సొమ్ములో కొంత చేతబట్టుకొని, ఇంటివారికి చెప్పక రాత్రి బస్సెక్కి హైదరాబాదునకు పోవు పిల్లవాని కథ పల్లెలకు క్రొత్తది కాదు. కృష్ణానగరులో ఒక గదికి నలుగురైదుగురు చేరి, నిర్మాణసంస్థల వాకిళ్ళలో కాచుకొని, రెండుమూడేండ్లకు సొమ్మును, చదువును, ధైర్యమును పోగొట్టుకొని తిరిగివచ్చువారు కలరు. తిరిగివచ్చిన వానిని చూచి ఊరు నవ్వును. అట్టివానికి తెలివి లేక కాదు. ఆ పని ఎట్టిదో, దాని మొదటి మెట్టు ఎచ్చట నున్నదో వానికి చెప్పినవారు లేకపోయిరి.

ఆ మెట్టును చూపుటకు రాయలసీమ దాటి పోనక్కరలేదు. కదిరి వెంకటరెడ్డి 1912వ సంవత్సరమున తాడిపత్రిలో జన్మించెను. కె.వి. రెడ్డి యన్న పేరుతో ఆయనను తెలుగువారందరు నెరుగుదురు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) ఆయన తీసిన చిత్రములే. ఇంతటి దర్శకుడు చిత్రరంగమున అడుగిడినపుడు ఆయన స్థానము కెమెరా ప్రక్కను గాక డబ్బుపెట్టె ప్రక్కను ఉండెను. ‘గృహలక్ష్మి’ (1938) తీసిన రోహిణీ సంస్థలో ఆయన క్యాషియరు. పిమ్మట వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారములు చూచు ఉద్యోగి. కడపజిల్లావాడగు బి.యన్. రెడ్డి అచ్చట ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) చిత్రములను ఒకదాని వెనుక నొకటిగా తీయుచుండగా, కె.వి. రెడ్డి సామగ్రి సమకూర్చుచు, లెక్కలు వ్రాయుచు, చూచుచుండెను. 1943లో విడుదలయైన ‘భక్త పోతన’ ఆయన దర్శకత్వమున వచ్చిన మొదటి చిత్రము. అది గొప్ప విజయము పొందెను.

లెక్కలు వ్రాయువాడు దర్శకుడెట్లు కాగలడని కొందరు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్య మక్కరలేదు. ఆ దినములలో చిత్రము ఫిల్ముపై ఎక్కవలెను. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 బొమ్మలు. సెకండునకు 24 బొమ్మలు కదలవలెను గనుక సెకండునకు అడుగున్నర, నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము చెల్లును. ఒక నటుడు తలుపు తెరచి గదిలోనికి వచ్చి కూర్చుండుటకు పది సెకండులు పట్టినచో పదునైదడుగులు. వాడు మాట మరచినచో ఆ పదునైదును వ్యర్థము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ముడిఫిల్మునకు కరవు వచ్చి, కథాచిత్రము 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము నిబంధన చేసెను. అనగా రెండు గంటలకు రెండు నిమిషములు మాత్రమే ఎక్కువ! ఒక్కొక్క యడుగు వెల యెంతో చిట్టాలో వ్రాసిన చేతికి, ఏ దృశ్యము ఆ వెలకు తగునో, ఏది తగదో తెలియకుండునా? కథలో అనవసరమైనది ఏదియో తెలియుట దర్శకత్వమున సగము పని. ఆ సగమును కె.వి. రెడ్డి చిట్టాపద్దులలో నేర్చెనని చెప్పినను తప్పు లేదు.

తరువాతి కాలమున ఆయన పనిచేసిన తీరు చూచినచో ఈ మాట మరింత రుజువగును. చిత్రము ప్రారంభించుటకు ముందే కథయు, చిత్రానువాదమును, సంభాషణలును పూర్తిగా సిద్ధము కావలెను. పింగళి నాగేంద్రరావు వంటి రచయితతో మాటమాటయు తూచి చూచుకొనువాడు. ‘మాయాబజార్’ అభ్యాసములు జరుగునపుడు స్టాప్‌వాచి చేతబట్టుకొని, పాటలతో సహా ప్రతి ఘట్టమునకు పట్టుకాలమును కొలిచి, వానిని కూడి చిత్రము నిడివి ఎంత యగునో ముందే నిర్ణయించెను. కెమెరా తిరుగకముందే ఆయన మనస్సులో చిత్రము పూర్తియై యుండెను.

ఇట్లు కొలిచి తీసినదానిలో ప్రాణముండునా యని శంకించువారు ఆ చిత్రమునే మరల చూడవలెను. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చగా, సావిత్రి ఆడురూపమున మగ రాక్షసుని నడకను, దర్పమును చూపిన ఘట్టములను చూచి నవ్వనివారెవరు? ఆ నవ్వులో గడియారపు చప్పుడు ఎవరికిని వినబడదు. మార్కస్ బార్‌ట్లీ సృష్టించిన వెన్నెలలో పడవ సాగుచుండగా, ద్వారకానగరముకొరకు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలములో సుమారు 300 బొమ్మరిండ్లు కట్టి, వానిలో దీపములు వెలిగించిరన్న సంగతి ఎవరికి గుర్తుండును? ఆత్మకూరు విద్యార్థులు ఒకసారి ఆళ్ళగడ్డకు పోయి అచ్చటి శిల్పుల పనిశాలలను చూచిరావలెను. దేవతామూర్తి ముఖమునకు ఇంత, భుజమునకు ఇంత యని తాళమానము ననుసరించి రాతిపై గీతలు గీసిన తరువాతనే ఉలి కదలును. మూర్తి పూర్తియైనపుడు గీత యొక్కటియు మిగులదు. గీత గీయక చెక్కిన రాయి మాత్రము ఏ గుడిలోను నిలువదు.

ఇది యొక్కటే దారి యని చెప్పుట న్యాయము కాదు. కమలాకర కామేశ్వరరావు పత్రికలో సినిమా విమర్శలు వ్రాసి, చూచుట నేర్చి, పిదప తీయుట నేర్చెను. ఆదుర్తి సుబ్బారావు కూర్పుబల్ల యొద్దనుండి, కె. విశ్వనాథ్ వాహినీ శబ్దగ్రహణశాఖనుండి దర్శకులైరి. భానుమతి నటిగా బి.యన్. రెడ్డి తీసిన ‘స్వర్గసీమ’ (1945), ‘మల్లీశ్వరి’ (1951) చిత్రములలో పనిచేసి, 1953లో ‘చండీరాణి’ చిత్రమును తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలో ఒక్కమారే తీసెను. తెలుగున చిత్రమునకు దర్శకత్వము వహించిన మొదటి స్త్రీ ఆమెయే. బాలికలు సినిమాలో ఏమి చేయుదురని అడుగువారికి ఆ యేడాది చెప్పిన చాలును. వీరందరు వేర్వేరు ద్వారముల ప్రవేశించినను, ప్రవేశించిన వెంటనే దర్శకుని కుర్చీలో కూర్చున్నవారు ఒక్కరును లేరు.

అయినను ఈ గురుశిష్య పద్ధతిని మితిమీరి పొగడుట తగదు. కె.వి. రెడ్డికి ద్వారము తెరచినది ఆయన ప్రతిభయే గాక, చిత్రనిర్మాణమునకు పెట్టుబడి పెట్టిన తాడిపత్రి మిత్రుడు మూలా నారాయణస్వామి అండయు నైయుండెను. అట్టి మిత్రుడు లేనివాడు ఏమి కావలెను? పెద్ద దర్శకుల క్రింద ఏండ్ల తరబడి సహాయకులై యుండి, జుట్టు నెరసినను ఒక్క చిత్రమైన దక్కనివారు పెక్కుమంది కలరు. వారి పేర్లు ఏ తెరపైనను పెద్ద అక్షరములతో పడలేదు. విద్య నేర్చినంతమాత్రమున అన్నము నిశ్చయమను మాటయు అసత్యమే. 1965లో అంతటి కె.వి. రెడ్డి తీసిన ‘సత్యహరిశ్చంద్ర’ ఆదరణ పొందలేదు. తండ్రులు కొడుకులకు ఈ సంగతియు చెప్పవలెను, కాని బెదరించుటకు గాక తెలుపుటకే చెప్పవలెను.

మిత్రుని అండ లేనివానికొరకే పాఠశాలలు ఏర్పడినవి. 1919లోనే మాస్కోలో ప్రభుత్వము చలనచిత్ర విద్యాలయమును స్థాపించెను. ఫిల్ము దొరకని ఆ దినములలో కులెషోవ్ అను గురువు తన శిష్యులచేత ఫిల్ము లేకయే చిత్రములు ఆడించెను. ఏ ముక్క వెనుక ఏ ముక్క రావలెనో వారు అట్లు నేర్చుకొనిరి. మన దేశమున 1960లో పూనాయందు, ప్రభాత్ సంస్థవారి స్టూడియో స్థలములో, ప్రభుత్వ చలనచిత్ర విద్యాలయము వెలసెను. దర్శకత్వ విద్యకు అచ్చట పట్టభద్రులను మాత్రమే ప్రవేశపరీక్ష ద్వారా చేర్చుకొందురు. చదువు మానినవానికి దర్శకుని పని దగ్గరగునని తలచు బాలురు ఈ నియమమును రెండుమార్లు చదువుట మంచిది. పెద్దలకును ఒక మాట కలదు. నృత్యమునకు, సంగీతమునకు కళాశాలలు కోరిన మనము ఈ విద్యకు జిల్లాకొక శిక్షణాలయమును కోరుటకు సిగ్గుపడనక్కరలేదు. పూనాకు పోలేని పేదబాలుడు కృష్ణానగరునకు పోవుచున్నాడు. ఆ తప్పులో మన పాలు లేదా?

సూళ్ళూరుపేటలో ఉపాధ్యాయుడుగా నుండి నాటకములు వ్రాసిన సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డికి శిష్యుడై, ‘మాయాబజార్’ కాలమున ఆయనకడ పనిచేసెను. మాటమాటను గడియారముతో కొలుచు గురువుకడ నేర్చిన ఆ శిష్యుడే 1987లో మాటలే లేని ‘పుష్పకవిమానం’ తీసెను. కొలత నేర్చినవాడు గురువుగారి కొలబద్దనే పట్టుకొని యుండనక్కరలేదు.

నేడు ఫిల్మునకు వెల లేదు. ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. దానిలో కెమెరా యున్నది. వ్రేలితో తాకిన బొమ్మ వచ్చును, నచ్చకున్న తుడిచివేయవచ్చును. ఇది గొప్ప వరమే. పేదబాలునకు ఇంతటి పనిముట్టు ఇదివరలో ఎన్నడును దక్కలేదు. కాని పదునైదడుగులు వ్యర్థమగునన్న భయము పోవుటతో, ముందుగా ఆలోచించు అలవాటును పోవుచున్నది. గంటసేపు తీసి, అందులో ఏది పనికివచ్చునో తెలియక కూర్చుండు బాలుడు బియ్యములో వ్రేలు పెట్టి అటునిటు కలియబెట్టువాని వంటివాడు. బియ్యము చెదరును గాని అక్షరము పడదు. వెల లేని చోట వెలను తానే ఏర్పరచుకొనవలెను. ఒక చిత్రమునకు పది నిమిషములకు మించి తీయనని నియమము పెట్టుకొని, తీయకముందు కాగితముపై వ్రాసి, చదువుచు గడియారము చూచుకొనువానికి ఆ ఫోనే వాహినీ స్టూడియో.

తీయుటకు ఆత్మకూరు ప్రాంతమున విషయములకు కొదవ లేదు. నల్లమల పులుల అభయారణ్యము గనుక అటవీశాఖవారి అనుమతి లేక అడవిలోనికి పోరాదు. కాని కృష్ణాతీరమున సంగమేశ్వరము కలదు గదా! శ్రీశైల జలాశయము నిండినపుడు ఆ గుడి నీట మునిగిపోవును. వేసవిలో నీరు తగ్గగా మొదట శిఖరము, పిదప గోడలు, తుదకు గర్భాలయము బయటపడును. భక్తులు వచ్చి పూజలు చేయుదురు. వానలు పడి వరద వచ్చినంతనే గుడి మరల మునుగును. దీనిని చిత్రముగా తీయదలచిన బాలుడు ముందుగా నీరు ఏ మాసమున దిగునో అచ్చటి జాలరులను, పూజారిని అడిగి తెలిసికొనవలెను. శిఖరమునకు రెండు నిమిషములు చాలునా, నీరు దిగిన మెట్లను కడుగు మనుష్యులకు ఎంతకాలము ఇయ్యవలెను, మరల మునుగు దినమున గట్టుపై ఎచ్చట నిలువవలెను — ఇవన్నియు వ్రాసికొనవలెను. పది నిమిషముల చిత్రమునకు 14,400 బొమ్మలు. నీరు దిగుటకు ఇంకను కొన్ని మాసములున్నచో, వ్రాసికొనుటకు అంత వ్యవధి యున్నట్లే.