ముందు పెట్టె, తరువాత తుపాకి

అనువాదకుని జీవితంలో ఒక చిక్కు ఉన్నది. ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా దానిని చదివి తెలుగులో చెప్పే పని అతని మీదనే పడుతుంది. మందుసీసా మీది చీటీ మొదలుకొని ఇన్సూరెన్సు పత్రం వరకు నేను ఇంతకాలం చదివి చెప్పినవి అనేకం. గత వేసవిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న మా మేనల్లుని ఇంటికి వెళ్లినప్పుడు నా చేతికి వచ్చిన కాగితాలు మాత్రం అంతకుముందెన్నడూ ఎరుగనివి. అవి తుపాకులు తయారుచేసే కంపెనీల పుస్తకాలు.

చదివి చెప్పమన్నది మా అక్కయ్య. "వాడేదో తుపాకి కొంటానంటున్నాడురా. అదేమిటో, ఎందుకో నాకు తెలియాలి" అన్నది.

మేనల్లుడు అక్కడ శాశ్వత నివాస హక్కు పొందినవాడు. ముప్పయి నాలుగేళ్ల వయసు, ఆరేళ్ల కూతురు. శనివారం నాడు స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లి, అద్దె తుపాకితో కాగితపు గురిబోర్డును కొట్టి రావడం అతని వినోదం. మనవాళ్లు షటిల్ ఆడడానికి క్లబ్బుకు వెళ్లినట్లే అక్కడ ఎందరో ఇందుకు వెళతారు. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనాలని సంకల్పించాడు. అతడు ఎంచుకోదలచినది పిస్తోలు తూటాతో పనిచేసే కార్బైన్.

కార్బైన్ అంటే పొట్టి రైఫిలు. గుర్రం మీద నుండి పొడవాటి తుపాకి వాడడం కష్టం గనుక ఆశ్వికుల కోసం గొట్టం తగ్గించి చేసిన ఆయుధమిది. మన దేశంలో ఈ మాట వినగానే పోలీసు కాపలాదారు భుజాన వేలాడే స్టెర్లింగ్ కార్బైన్ గుర్తుకు వస్తుంది. కాన్పూరు కర్మాగారంలో తయారైన ఆ ఆయుధానిదీ 9 మిల్లీమీటర్ల తూటాయే. అయితే అది వరుసగా గుండ్లు కురిపించగలదు. అమెరికా దుకాణంలో సామాన్యులకు అమ్మేది ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండునే వదులుతుంది.

పిస్తోలు తూటాను రైఫిలులో వాడడం కొత్త ఊహ కాదు. 1873లో వించెస్టర్ కంపెనీ తన ప్రసిద్ధ రైఫిలును ఒక కొత్త తూటాతో విడుదల చేసింది. 1878లో కోల్ట్ కంపెనీ అదే తూటాకు సరిపడే రివాల్వరును తెచ్చింది. నడుముకు ఒక్క తూటాల పటకా చుట్టుకుంటే రెండింటికీ పనికివచ్చేది. నేటి కార్బైన్ వెనుక ఉన్నదీ ఆ పొదుపు బుద్ధియే. 9 మిల్లీమీటర్ల తూటా చాలా రైఫిలు తూటాల కంటే చౌక. రైఫిలు తూటాలను అనుమతించని కొన్ని నాలుగు గోడల రేంజిలలో సైతం దీనికి ప్రవేశం ఉంటుంది. పిస్తోలుకు రెండు చేతులే ఆధారం. కార్బైన్‌కు రెండు చేతులతో పాటు భుజమూ చెంపా ఆసరా అవుతాయి. అందుచేత గురి కుదరడం సులభం.

ఇక ఎంపిక విషయం. నేను అక్కయ్యకు వరుసగా చదివి చెప్పిన అంశాలివి.

మొదటిది తూటా. 9 మిల్లీమీటర్ల గుండు పిస్తోలు నుండి సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో బయలుదేరితే, కార్బైన్ యొక్క 16 అంగుళాల గొట్టం నుండి తరచు 400 మీటర్ల దరిదాపు వేగాన్ని అందుకుంటుంది. అయినా అది పిస్తోలు గుండే. వంద గజాలు దాటితే త్వరత్వరగా కిందికి దిగిపోతుంది. ఇరవై అయిదు నుండి వంద గజాల గురికి మాత్రమే ఇది తగినది. కేవలం గురి నేర్చుకోదలచినవారికి పాయింట్ 22 తూటా ఇంకా చౌక, చప్పుడు తక్కువ, తన్ను దాదాపు శూన్యం. మొదటి తుపాకిగా దానినే తీసుకొమ్మని అనుభవజ్ఞులు సాధారణంగా సలహా ఇస్తారు. పాతకాలపు లీవరు కార్బైన్ మీద మక్కువ ఉన్నవారు పాయింట్ 357 మాగ్నమ్ రకం కొనవచ్చు. మెత్తని పాయింట్ 38 స్పెషల్ తూటా కూడా అందులో పేలుతుంది.

రెండవది యంత్రం. ఈ కార్బైన్లలో చాలావరకు పేలుడు ఒత్తిడిని బరువైన ఇనుప బోల్టు ఒక్కటే ఆపుతుంది. నిర్మాణం సులువే గాని, ఆ దిమ్మ వెనుకకు దూసుకువచ్చినప్పుడు చిన్న తూటాకు తగనంత తన్ను భుజానికి తగులుతుంది. రూగర్ కంపెనీ పీసీ కార్బైన్‌లో ఈ తన్నును తగ్గించడానికి బోల్టులోనే కదిలే టంగ్‌స్టన్ బరువును అమర్చారు. దాని బరువు మూడు కిలోల పైచిలుకు. కెల్‌టెక్ వారి సబ్ 2000 రెండుగా మడతపడుతుంది, రెండు కిలోలకు లోపే తూగుతుంది. మోయడానికి తేలిక గాని, తేలిక తుపాకి భుజాన్ని ఎక్కువ నొప్పిస్తుందన్న సూత్రం ఇక్కడ కూడా చెల్లుతుంది.

మూడవది శరీరానికి అమరిక. దుకాణంలో భుజానికి ఎత్తి పట్టినప్పుడు మెడ వంచకుండానే కన్ను గురికి సూటిగా రావాలి. ఎడమచేతి వాటం గలవారికి ఖాళీ గుల్లలు ముఖం ముందు నుండి ఎగిరిపోయే ఇబ్బంది ఉన్నది. నాలుగవది మేగజైన్. కార్బైన్, పిస్తోలు రెండూ ఒకే మేగజైన్ వాడగలిగితే ఖర్చు కలిసివస్తుంది. మేగజైన్ అనే ఈ మాట అరబ్బీ భాషలో గిడ్డంగి అనే అర్థమిచ్చే పదం నుండి వచ్చినది. తూటాల గిడ్డంగికీ, మీరిప్పుడు చదువుతున్న పత్రికకూ ఒకే పేరు రావడానికి కారణం అదే.

అయిదవది చట్టం. అమెరికాలో 16 అంగుళాల కంటే పొట్టి గొట్టం గల రైఫిలును ప్రభుత్వం వద్ద ప్రత్యేకంగా నమోదు చేయించాలి. దీనికి మూలం 1934 నాటి చట్టం. లైసెన్సు గల దుకాణదారు కొనుగోలుదారుని పూర్వచరిత్రను విచారించిన తరువాతనే సరుకు ఇస్తాడు. కాలిఫోర్నియా, న్యూయార్కు వంటి రాష్ట్రాలలో పది తూటాలకు మించిన మేగజైన్ నిషిద్ధం. అక్కడి మన తెలుగువారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకినిగాని తూటానుగాని కలిగి ఉండడం ఫెడరల్ చట్టరీత్యా నేరం. అమెరికాలో జారీ అయిన వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో కాసేపు అద్దెకు తీసుకోవడం కూడా ఈ నిషేధం కిందికి రావచ్చు. మేనల్లుని స్నేహితుడొకడు ఈ కారణంగానే రేంజికి వచ్చినా అద్దాల వెనుక కూర్చుని చూసి వెళ్లేవాడు.

ఇంతవరకు చదివి, అంతా చెప్పినట్లే అనుకొని పుస్తకం మూసివేశాను. అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది:

"రాత్రిపూట దాన్ని ఎక్కడ పెట్టమని రాశారురా?"

నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే పుస్తకం మొదట్లో ఉన్న హెచ్చరికల పుటలను నేను దాటవేశాను. అన్ని కంపెనీలూ అచ్చువేసే మామూలు మాటలే కదా అని నా వృత్తి నాకు నేర్పిన నిర్లక్ష్యం. మళ్లీ తెరిచి చూశాను. తూటాలు తీసివేసి తాళం వేయాలనీ, తూటాలను వేరొకచోట తాళంలో ఉంచాలనీ, పిల్లలకు తాళంచెవి అందకూడదనీ అక్కడే ఉన్నది. అక్షరం అక్షరం అక్కయ్యకు చదివి వినిపించాను. మనవరాలు పక్క గదిలో బొమ్మల పెట్టె కుమ్మరించుకొని ఆడుకుంటున్నది.

ఆమె భయం ఊరికే పుట్టినది కాదు. అమెరికాలో 2020 నుండి బాలబాలికల, కిశోరుల మరణాలకు తుపాకి గుండే అన్నింటికంటే పెద్ద కారణమయింది. 2021లో అక్కడ తుపాకులకు బలి అయినవారు 48 వేలకు పైబడ్డారు. వారిలో సగానికి మించి ఆత్మహత్యలు. అంటే తాళం పసిపిల్లల కోసం మాత్రమే కాదు. ఎదిగిన మనిషి మనసు చీకటిపడిన ఒక్క గంటలో అతనికీ తుపాకికీ నడుమ నిలిచేది కూడా ఆ తాళమే.

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. అక్కయ్య కోప్పడలేదు, వద్దనలేదు. "పెట్టె కొన్నావా?" అని మాత్రం అడిగింది. అతడు తెల్లబోయాడు. "తుపాకి కొన్నాక చూద్దామనుకున్నానమ్మా" అన్నాడు. "పుస్తె లేకుండా పెళ్లి ఎవరు చేస్తారురా?" అన్నది.

మన దేశంలో ఈ ప్రశ్న లేదనుకోవద్దు. 9 మిల్లీమీటర్ల తూటా మనకు నిషిద్ధ శ్రేణికి చెందినది గనుక ఇటువంటి కార్బైన్ వినోదానికి దొరకదు. మనకు గురి సాధన ఎక్కువగా ఎయిర్ రైఫిలుతోనే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు నివాసి గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది పది మీటర్ల ఎయిర్ రైఫిలుతోనే. అప్పటి నుండి ఎన్నో ఇళ్లలోకి ఆ తుపాకి వచ్చింది. దాని చిన్న గుండు ప్రాణం తీయడం అరుదు కావచ్చు. కన్ను తీయడానికి మాత్రం అది చాలు.

మేనల్లుడు ముందుగా ఇనుప పెట్టె కొన్నాడు. గోడకు మరలతో బిగించాడు. తూటాలకు మరొక చిన్న పెట్టె. రెండు తాళంచెవులూ అతని వద్దనే. కార్బైన్ ఆ తరువాత రెండు నెలలకు వచ్చింది. ఏ కంపెనీదో, బరువెంతో అతడు ఉత్తరంలో వివరంగా రాశాడు. అక్కయ్యకు చదివి వినిపించబోతే చేయి అడ్డం పెట్టింది.

"అవన్నీ వాడికి తెలుసులే. తాళం వేసే ఉంచుతున్నాడా, అది చదువు" అన్నది.