గ్యాస్ మాత్ర సంగతి దాచకండి

పిక్కలు పట్టేస్తున్నాయి, చేతులు వణుకుతున్నాయి, నీరసంగా ఉంది అంటూ వచ్చేవారిని మేము మొదట అడిగేది, “ఏమేం మాత్రలు వాడుతున్నారు?” అని. బి.పి., షుగర్ మాత్రల పేర్లు చెబుతారు. ఏళ్ల తరబడి పరగడుపున వేసుకుంటున్న గ్యాస్ మాత్రను మాత్రం చెప్పరు. అది కూడా ఒక మందేనా అని వారి ఉద్దేశం.

ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మాత్రలు ఏడాదికి మించి వాడితే కొందరికి రక్తంలో మెగ్నీషియం తగ్గిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, మానని విరేచనాలు, మద్యం, అదుపులేని షుగర్ కూడా ఇందుకు కారణాలే. మెగ్నీషియం తగ్గితే కాల్షియం, పొటాషియం కూడా పడిపోతాయి. పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. ముదిరితే మూర్ఛ వస్తుంది, గుండె లయ తప్పుతుంది.

సోడియం, పొటాషియం చూసే మామూలు పరీక్షలో మెగ్నీషియం ఉండదు. విడిగా రాయించాలి. ఇలాంటి రోగులను చూసినప్పుడు డాక్టరుగారికి ఆ మాట గుర్తుచేయడం మా నర్సుల బాధ్యత అని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ఇక మీ వంతు. రాగులు, సజ్జలు, నువ్వులు, వేరుశెనగలు, ఆకుకూరలు తరచుగా తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మెగ్నీషియం మాత్రలు సొంతంగా కొని మింగవద్దు. గ్యాస్ మాత్రను కూడా డాక్టరును అడగకుండా ఏళ్ల తరబడి వాడవద్దు, అడగకుండా మానవద్దు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ మాత్రల సంచి మొత్తం వెంట తెచ్చుకోండి.