పొడి అక్షరమైన ఇంటిపేరు

ఇటీవల ఒంగోలులో జరిగిన ఒక కవిసమ్మేళనం ఆహ్వానపత్రం మాకు చేరింది. కవుల వరుసలో ఒకరి ఇంటిపేరు 'కరణం' అని నిండుగా అచ్చయింది. దాని కిందే కొత్తపట్నం యువకవి పేరు ముందు 'ఉ.' అని ఒక్క పొడి అక్షరం. అతని ఇంటిపేరు ఉప్పు. అదేమిటని అడిగితే, పూర్తిగా వేస్తే వినసొంపుగా ఉండదని నిర్వాహకులు అన్నారు.

రెండూ పని నుంచి పుట్టిన పేర్లే. కరణీకాన్ని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. ఉద్యోగం పోయినా ఆ పేరు పరపతి చెక్కుచెదరలేదు. కనుపర్తి, చినగంజాం తీరంలో ఉప్పు ఇప్పటికీ పండుతూనే ఉంది. మడుల్లో నీరు కట్టి, ఎండకు పేరుకున్న ఉప్పును గట్టుకు లాగి కుప్పపోసే వాళ్ల అరికాళ్లు ఒరిసి పగుళ్లిచ్చి ఉంటాయి. ఈ కవి తాతలు అలాంటి ఉప్పు కొటార్లలోనే బతికారు. వాళ్ల కష్టాన్ని ఏ శాసనమూ చెక్కలేదు, ఏ కైఫీయతూ రాయలేదు. మిగిలింది ఇంటిపేరు. దాన్నీ కోసేశారు.

హంగరీలోనూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కొవాచ్ అంటే కమ్మరి, సబో అంటే దర్జీ, హలాస్ అంటే చేపలు పట్టేవాడు. ఇవి అక్కడ ఊరూరా వినిపించే ఇంటిపేర్లు. నాటకకర్త మోల్నార్ ఫెరెంత్స్ పుట్టుకతో నోయ్‌మన్. హంగేరియన్ పేరు కావాలనుకున్నప్పుడు పిండిమర నడిపేవాడి పేరు ఎంచుకున్నాడు. ఆ పేరుతోనే లోకప్రసిద్ధుడయ్యాడు.

ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుందని దాన్ని వదిలేసిన రచయితలున్నారు, ఆ హక్కు వాళ్లది. ఇక్కడ వదిలింది కవి కాదు, కత్తెర నిర్వాహకుల చేతిలో ఉంది. టంగుటూరి, దుగ్గిరాల అని ఊళ్ల పేర్లు పలకడానికి తడుముకోని నాలుకలు చెమట పేరు దగ్గర ఎందుకు మడతపడుతున్నాయి? శ్రమజీవుల మీద కవితలు చదివించుకుని చప్పట్లు కొడతారు. ఆ శ్రమే ఒకరి ఇంటిపేరై వేదికెక్కితే దాచిపెడతారు. ఇది అభిరుచి కాదు, అంటరానితనం. అదీ ఏ ఊరి కవికి? తెల్లవాళ్ల ఏలుబడిలో, 1937లో, సర్కారు నిషేధించేంత గట్టిగా రాజకీయ పాఠశాల పెట్టిన కొత్తపట్నం కవికి!

మా పత్రికలో ఇకమీదట, రచయిత కోరితే తప్ప, ఇంటిపేర్లు పొడి అక్షరాల్లో వేయం. ఆ సమ్మేళనం కవితలు సంకలనంగా వస్తాయని వింటున్నాం. అందులోనైనా పేరు ఎలా వేయాలో ముందు కవిని అడగండి.